తిరిగొచ్చిన పెండలం

ఒక పెద్ద అడవిలో, ఒక్క ప్రభుత్వంతో సరిపెట్టుకోలేనంత పెద్ద అడవిలో, రెండు ప్రభుత్వాలు ఉండేవి. లోయకొక చిన్న కొలువు, వాటన్నిటి మీదా సింహం గారి పెద్ద కొలువు. రెండూ పన్ను దుంపల్లోనే తీసుకునేవి. సింహం గారు పుట్టి బుద్ధెరిగాక ఒక్క దుంప కూడా కొరికింది లేదు. అయితే వసూలుకీ ఆకలికీ సంబంధం లేదని మంత్రులు ఆయనకు ఎప్పుడో నచ్చజెప్పేశారు.

ఆ అడవిలో ఉత్తరపు లోయలో కంటకయ్య అనే ముళ్లపంది, భార్య ములుకమ్మతో, ఇద్దరు పిల్లలతో కాపురం ఉండేవాడు. వాళ్లు అసలు ఏరవతలి అడవి వాళ్లు. అక్కడ నేలంతా రాయి కావడంతో పెళ్లయిన కొత్తలో ఏరు దాటి ఇటు వచ్చారు. పిల్లలు ఇక్కడే పుట్టారు, ఇక్కడి యాసే మాట్లాడేవారు. ఏరవతలి తాతయ్యల కబుర్లు చెబితే మర్యాదగా విని, అవి అయిపోగానే ఆటల్లో పడేవారు. కంటకయ్యకు దిగులంతా వాళ్ల గురించే. ఈ మట్టి తప్ప మరో మట్టి తెలియని పిల్లల్ని, తను చేసే ఏ చిన్న పొరపాటు వల్ల ఎవరు ఎప్పుడు ఏరు దాటించేస్తారోనని.

ఎందుకంటే ఏరవతలి నుంచి వచ్చినవాళ్లు ఏటా వానలు మొదలవగానే బొరియ అనుమతి కొత్తగా తీసుకోవాలి. అక్కడ అడిగేది ఒక్కటే ప్రశ్న. పెద్ద కొలువులో మీ పేరు మీద తేలని వ్యవహారం ఏదైనా ఉందా అని. లేదంటే ఇంకో ఏడాది ఉండొచ్చు. ఉందంటే ఏమవుతుందో ఎవరికీ తెలియదు, ఇంతవరకు ఉందని చెప్పినవాడు లేడు కాబట్టి.

అందుకని కంటకయ్య ఏ రసీదునూ పారేసేవాడు కాదు. అక్కడ రసీదులంటే మోదుగాకులు. ఒక్కో ఆకునూ తన వీపు మీద ఒక్కో ముల్లుకు గుచ్చి దాచుకునేవాడు. ఆయన నడిచి వస్తుంటే ఎండిన చెట్టు ఏదో లేచి వస్తున్నట్టు గలగలమని చప్పుడయ్యేది. భయం వేసినప్పుడు ముళ్లు నిక్కబొడుచుకునేవి. దాంతో ఏనాటివో లెక్కలన్నీ ఒక్కసారిగా లేచి నిలబడేవి.

ఇక లోయ కొలువు వారి పద్ధతి ఏమిటంటే, ఏడాది చివరిదాకా ఆగడం వాళ్లకు ఇష్టం ఉండదు. కంటకయ్య తవ్వుకొచ్చిన దుంపలు బొరియలోకి దిగకముందే, గుమ్మం దగ్గర కోతులు లోయ వంతు తీసేసుకునేవి. కోతులకు భాగహారం రాదు. అందుకని పొరపాటు లేకుండా ఎప్పుడూ కాస్త ఎక్కువే తీసేవి. అలా ఎక్కువ తీసినదాన్ని లోయ అధికారి ఎలుగుబంటి చలికాలపు నిద్ర లేచాక సరిచూసి వెనక్కి పంపాలని రూలు. ఇదివరకటి అధికారి నిద్రలోనే పదవీ విరమణ చేయడంతో ఆ రూలు ఎవరికీ గుర్తులేదు. కొత్త ఎలుగు మాత్రం ఆ ఏడు నిజంగానే లేచింది.

ఒక ఉదయం కోతులు మూడు లావాటి పెండలం దుంపలు తెచ్చి గుమ్మంలో పెట్టి, ఇవి మీవేనట, ఎక్కువ తీసుకున్నామట, అని ఎవరో చేసిన తప్పు గురించి చెబుతున్నట్టు చెప్పి వెళ్లిపోయాయి.

ములుకమ్మ సంబరపడి ఒక దుంప మీది మట్టి దులిపింది. పిల్లలు పళ్లు బయటపెట్టి చుట్టూ చేరారు.

"ఆగు," అన్నాడు కంటకయ్య. "ఇది ఆదాయమా?"

"దుంప," అంది ములుకమ్మ.

"అది కాదే. ఇది చేతికి వచ్చింది కదా. చేతికి వచ్చినదానిలో పెద్ద కొలువుకి వంతు ఉంటుంది కదా. రేపు అనుమతి దగ్గర అడిగితే?"

"మన దుంప మనం తవ్వాం. వాళ్లు తీసుకున్నారు. మళ్లీ ఇచ్చారు. మధ్యలో సింహానికి ఏం సంబంధమండీ?"

కంటకయ్య దుంపల్ని పిల్లలకు అందకుండా పక్కకు జరిపాడు. ముళ్లు అప్పటికే లేచి ఉన్నాయి. పిల్లలిద్దరూ ఆ గలగల విని, ఈపూట కూడా ఆకులే తినాలని అర్థం చేసుకుని పక్కకు వెళ్లిపోయారు.

పక్క పొదలో ఉండే అడవిపంది కోరప్ప అంతలో నములుతూ వచ్చాడు. ఆయనకు తిరిగొచ్చిన దుంపలు గంపెడు. అందులో చాలా భాగం అప్పటికే లోపలికి వెళ్లిపోయింది. విషయం విని పగలబడి నవ్వి, ఆ నవ్వులోనే పెద్ద కొలువు వారి రెండు వాకిళ్ల సంగతి గుర్తు చేశాడు.

పెద్ద కొలువులో ఏటా ఆదాయం లెక్క చెప్పుకోవడానికి రెండు వాకిళ్లు ఉండేవి. ఒకటి గంప వాకిలి. అందులోంచి వెళ్తే ఎవరినైనా సరే ఒకే మాట అనేవారు: నీ ఆదాయంలో ఒక గంప తీసేసుకో, మిగిలినదానికి పన్ను కట్టు, పో. రెండోది వివరాల వాకిలి. అందులోంచి వెళ్తే గంప దక్కదు. దాని బదులు ఏడాదిలో దేనికి ఎంత పోయిందో ఒక్కొక్కటే చెప్పి తీసేయించుకోవాలి. వైద్యానికి ఇంత, అనాథ కుందేళ్లకు ఇంత, లోయ కొలువుకు కట్టిన పన్ను ఇంత అని.

"నేను వివరాల వాకిలి బావా," అన్నాడు కోరప్ప. "బురదలో పొర్లడం కూడా వైద్యంలో వేశాను. లోయకు కట్టిందంతా తీసేయించుకున్నాను. ఇప్పుడు అందులో గంపెడు వెనక్కి వచ్చింది. తింటున్నాను. అడిగితే అప్పుడు చూద్దాం. నువ్వు ఆ గంప వాకిలేగా?"

"గంప వాకిలే," అన్నాడు కంటకయ్య. వివరాల వాకిలి అంటే ఆయనకు భయం. ఒక్క వివరం తప్పిపోతే ఎలా అని.

"మరి ఇంకేం. తిను," అని కోరప్ప వెళ్లిపోయాడు. తప్పు చేసినవాడు తినమంటే కంటకయ్యకు ధైర్యం రాలేదు సరికదా, ఉన్నది కూడా పోయింది.

ఎవరైనా చదువుకున్నవారిని అడుగుదామని, రాతి మీద సలహా కేంద్రం నడిపే తొండ దగ్గరికి వెళ్లాడు. ముందుగా ఒక పురుగు ఫీజు ఇచ్చుకుని, తిరిగొచ్చిన దుంపకు పన్ను ఉంటుందా అని అడిగాడు. తొండ తల ఊపింది. ఉండదా అని అడిగాడు. అంతే గంభీరంగా ఊపింది. ఇంటికి వెళ్లి తినెయ్యనా అంటే ఊపింది, తింటే ఏరు దాటించేస్తారా అన్నా ఊపింది. ఇంతమంది తొండను ఎందుకు నమ్ముతారో కంటకయ్యకు అప్పుడు అర్థమైంది. ఎవరు ఏ భయంతో వచ్చినా ఆ భయం నిజమేనని ఒప్పుకునేది అదొక్కటే.

దాంతో ఒక దుంపను చంకన పెట్టుకుని పెద్ద కొలువుకు బయల్దేరాడు. వరుసలో ఆయన వెనక ఎవరూ దగ్గరగా నిలబడలేదు. గలగల విని ఒక జింక, చెట్టుకు కూడా పన్ను వేస్తున్నారా అని అడిగింది.

బల్ల దగ్గర అధికారిణి ధవళాంగి అనే కొంగ. ఒంటికాలి మీద నిలబడి ఉంది. ఎడమకాలి మీద ఉంటే పన్నుల శాఖ, కుడికాలి మీద ఉంటే బొరియ అనుమతుల శాఖ. రెండు పదవులు ఒకరికే ఇచ్చి జీతం మాత్రం ఒకటే ఇస్తున్నందుకు నిరసనగా, ఒక కాలి మీద విన్నది ఇంకో కాలి మీద గుర్తుపెట్టుకునేది కాదు. ఆరోజు ఎడమకాలు.

ధవళాంగి మొత్తం విని ఒకే ప్రశ్న వేసింది, కిందటేడు ఏ వాకిలి అని. గంప వాకిలి అన్నాడు.

"అయితే మీకేం లేదు కంటకయ్య గారూ. వివరాల వాకిలి వాళ్లు లోయకు ఇంత ఇచ్చేశామని మా దగ్గర తీసేయించుకుంటారు. అలా తీసేయించుకున్నదే మళ్లీ వాళ్ల చేతికి వస్తే అది ఇప్పుడు ఆదాయం. ఇవ్వనిదానికి తగ్గింపు పొందినట్టే కదా. అదైనా, వాళ్ల వివరాల వల్ల గంప కంటే ఎంత ఎక్కువ లాభం పొందారో అంతవరకే. మీరు లోయ మాటే ఎత్తలేదు. గంప తీసుకుని వెళ్లారు. మీ దుంప మీకు వచ్చింది. తీసుకెళ్లి ఉడకేసుకోండి."

ఇంత స్పష్టంగా ఆ అడవిలో ఎవరూ ఎవరికీ ఏదీ చెప్పి ఉండరు. కంటకయ్య స్థానంలో ఇంకెవరున్నా దండం పెట్టి వెళ్లిపోయేవారు.

"ఆ మాట ఒక ఆకు మీద రాసిస్తారా మేడం?"

"కట్టాల్సినవాళ్లకే ఆకు. కట్టక్కరలేని వాళ్లందరికీ రాసిస్తే అడవిలో ఆకులు మిగలవు."

"మరి నేను గంప వాకిలి వాణ్ణని రేపు రుజువు అడిగితే?"

"రుజువులు అడగని వాకిలినే గంప వాకిలి అంటారు. రుజువు కావాలంటే వివరాల వాకిలికి వెళ్లాలి."

"అక్కడికి వెళ్లి రుజువు తెచ్చుకుంటే నేను గంప వాకిలి వాణ్ణే అవుతానా?"

అవ్వరు, అంది ధవళాంగి.

కంటకయ్యకు కళ్ల ముందు ఏరు కనిపించింది, ఏటి ఒడ్డున మూట పట్టుకుని నిలబడ్డ పిల్లలు కనిపించారు. చంకలోని దుంపను బల్ల మీద పెట్టేశాడు. కట్టక్కరలేకపోయినా ఉంచుకోండి మేడం, నా మనశ్శాంతికి, అని ఆమె ఏదో అనేలోపే గలగలమంటూ బయటపడ్డాడు. దారంతా తేలిగ్గా నడిచాడు. ఇంటికి వచ్చేసరికి మిగిలిన రెండు దుంపలూ ఉడికి, పిల్లల కడుపుల్లో ఉన్నాయి. కొలువు చూసిన దుంప కొలువుకు, చూడనివి పిల్లలకు అని ములుకమ్మ తీర్పు చెప్పింది. ఆ ఒక్క పూట ఆయన వాదించలేదు.

అక్కడ బల్ల మీద పెండలాన్ని చూసి ధవళాంగి తల పట్టుకుందామనుకుంది, కానీ ఒక కాలు నేల మీద ఉంది, రెండోది వేరే శాఖది. బాకీ ఉన్నవాడు కడితే జమ వేసుకోవచ్చు, ఎగ్గొడితే జరిమానా వేయొచ్చు. బాకీ లేనివాడు పెట్టి పారిపోతే ఏం చేయాలో ఏ రూలులోనూ లేదు. ఆఖరికి కాకి చేత వెనక్కి పంపింది.

గుమ్మంలో పడ్డ దుంపను చూడగానే కంటకయ్య ముళ్లన్నీ మళ్లీ లేచాయి. ఇంతకుముందు లోయ కొలువు తిరిగి ఇస్తే పెద్ద కొలువుకు పన్నేమోనని అనుమానం. ఇప్పుడు పెద్ద కొలువు తిరిగి ఇచ్చింది. మరి ఇది లోయ కొలువుకు ఆదాయమా కాదా? ములుకమ్మ ఈసారి గోడ వైపు తిరిగి కూర్చుంది.

కంటకయ్య దుంప పట్టుకుని వెళ్లి అడిగితే ఎలుగుబంటి ఆ ప్రశ్న విని ఆవులించింది. పన్ను లేదనడానికి దానికి అభ్యంతరం లేదు. అయితే పెద్ద కొలువు నుంచి వచ్చిన వస్తువు మీద తను తీర్పు చెబితే పెద్ద కొలువును కించపరిచినట్టు అవుతుందేమోనని భయం. అందుకని మీ అభిప్రాయం తెలుపగలరు అని దుంపను ధవళాంగికి పంపింది. లోయ వ్యవహారంలో తల దూరిస్తే లోయవాళ్లు చిన్నబుచ్చుకుంటారని ధవళాంగి దాన్ని ఎలుగుకు తిప్పి పంపింది. ఎలుగు మళ్లీ పంపింది. కాకి రెక్కలు నొప్పులు పుట్టి, దారిలో దుంపను తడి నేల మీద దించి నిద్రపోవడం అలవాటు చేసుకుంది.

ఇంకేముంది, దుంప మొలకెత్తింది. మొలక తీగైంది. ఒకరోజు కాకి దుంపను బల్ల మీద దించేసరికి తీగ వేలాడుతూ నేల దాకా వచ్చింది. అప్పుడు మొదటిసారి ఈ వ్యవహారంలో నిజంగానే ఒక ప్రశ్న పుట్టింది. వెళ్లింది ఒక దుంప, వచ్చింది దుంపా తీగా. ఈ పెరిగింది ఎవరి ఆదాయం? కంటకయ్యదా, లోయదా, సింహానిదా, మోసిన కాకిదా?

ధవళాంగి విచారణకు ఆదేశించింది. కంటకయ్య పెండలం వ్యవహారం అని దానికి పేరు కూడా పెట్టారు.

పేరు విన్నాక కంటకయ్య రెండు పూటలు అన్నం ముట్టలేదు. వానలు దగ్గర పడుతున్నాయి. అనుమతి దగ్గర తేలని వ్యవహారం ఉందా అని అడిగితే ఏం చెప్పాలి? ములుకమ్మ ఇక లాభం లేదని కోరప్పను బతిమాలింది. అన్నయ్యా, మా ఆయన గంప వాకిలి లోంచే వెళ్లాడని నువ్వు కళ్లారా చూశావు, ఆ ఒక్క మాట వచ్చి చెప్పు, వ్యవహారం తేలిపోతుంది అని. కోరప్ప మంచివాడు. దబాయింపు మనిషే గానీ ఆపదలో తోడు రానివాడు కాదు. వెంటనే బయల్దేరాడు.

"నేను సాక్షిని మేడం," అన్నాడు ధవళాంగి ముందు రొమ్ము విరుచుకుని. "మా బావ గంప వాకిలి దగ్గర నిలబడి ఉంటే, ఇవతలి వాకిలి లోంచి చూసి ఎగతాళి చేసింది నేనే. అటు వెళ్తే ఏం మిగుల్తుందయ్యా, నన్ను చూడు, లోయకు కట్టిందంతా తీసేయించుకుంటున్నా అని అరిచాను కూడా."

"తీసేయించుకున్నారా," అంది ధవళాంగి. "మరి అందులో ఏమైనా తిరిగొచ్చిందా?"

"గంపెడు," అని గర్వంగా చెప్పాక గానీ కోరప్పకు తను ఏమంటున్నాడో తెలియలేదు.

వివరాల వల్ల ఆయనకు గంపను మించి ఎంత లాభం వచ్చిందో చూసి, తిరిగొచ్చినదాంట్లో ఆ మేరకు పన్ను వేశారు. దాచినందుకు పైన మరికొంత. కోరప్ప కొడుకును పంపి దుంపలు తెప్పించి కట్టేశాడు. ఆకు మీద ముద్ర పడింది. నోట్లో ఉన్నది నమిలి మింగేలోపు వ్యవహారం పూర్తిగా ముగిసిపోయింది.

"సరే, నా పాపం తీరింది. మరి మా బావ సంగతి?"

"పన్ను ఎగ్గొట్టినవారి సాక్ష్యం చెల్లదు."

"ఇప్పుడే కట్టానుగా."

"కట్టారు కాబట్టే ఎగ్గొట్టినట్టు రుజువైంది," అంది ధవళాంగి.

వానలు మొదలయ్యాయి. అనుమతికి కుటుంబమంతా వెళ్లాలి. దారిలో ములుకమ్మ గొంతు తగ్గించి ఒకే మాట చెప్పింది. లేదనండి, ఆవిడ కుడికాలికి ఎడమకాలి సంగతులు తెలియవు కదా, అని. కంటకయ్యకూ ఆ ఆలోచన రాకపోలేదు. కాకపోతే పక్కన పిల్లలు నడుస్తున్నారు. కూతురు సూచి, నాన్న వీపు మీది ఆకులు వానకు తడవకుండా ఒక పెద్ద టేకాకు పట్టుకుని మునికాళ్ల మీద నడుస్తోంది.

ధవళాంగి కుడికాలి మీద ఉంది. కంటకయ్యను ఎన్నడూ చూడనట్టే చూసింది.

"పెద్ద కొలువులో మీ పేరు మీద తేలని వ్యవహారం ఏదైనా ఉందా?"

లేదు అనడానికి నోరు తెరిచాడు. కూతురు టేకాకు పైకెత్తి పట్టుకుని ఆయన మొహంలోకే చూస్తోంది.

"ఉంది," అన్నాడు కంటకయ్య. ములుకమ్మ కళ్లు మూసుకుంది.

ఆ జవాబు ధవళాంగి తన ఉద్యోగంలో ఎప్పుడూ వినలేదు. ఏం చేయాలో కుడికాలికి తోచలేదు. మెల్లగా ఎడమకాలు కూడా దించింది. కొలువు పుట్టిన తర్వాత రెండు శాఖలూ ఒకేసారి నేల మీద నిలబడడం అదే మొదలు. వరుసలో వాళ్లు గౌరవంగా వెనక్కి జరిగారు. ఆమె చాలాసేపు రూళ్లు గుర్తు చేసుకుని, గొంతు సవరించుకుంది.

"విచారణలో ఉన్నవారు, విచారణ తేలేవరకు ఏరు దాటరాదు. భార్యాపిల్లలు కూడా సాక్షుల కిందకే వస్తారు కాబట్టి వాళ్లూ దాటరాదు. వీళ్లను ఎవరూ పంపించడానికి వీల్లేదు. అనుమతికి గడువు ఉండదు. తర్వాత ఎవరు?"

కంటకయ్యకు ఆ మాటలు ఒక పట్టాన ఎక్కలేదు. ఎక్కాక, వీపు మీది ముళ్లన్నీ ఒక్కొక్కటిగా పడుకున్నాయి. ఆయన ముళ్లు పూర్తిగా పడుకుంటే ఎలా ఉంటాడో పిల్లలు అంతవరకు చూడలేదు. సన్నగా, కుర్రవాడిలా ఉన్నాడు.

తిరిగి వెళ్తూ సూచి అడిగింది, అంటే మనం ఇక ఇక్కడే ఉంటామా నాన్నా అని. విచారణ ఉన్నంత కాలం ఉంటామమ్మా అన్నాడు. అది ఎప్పుడు అయిపోతుంది అని అడిగింది. కంటకయ్య ఆమె చేతిలోని టేకాకు అందుకుని, ఇంటిదాకా ఆమెకే గొడుగు పట్టుకుని నడిచాడు.

వానలు వెనకబట్టాక ధవళాంగి నుంచి కబురు వచ్చింది. దుంప కుళ్లిపోయింది, తీగను ఎవరో మేసేశారు, విచారించడానికి ఏమీ మిగల్లేదు కాబట్టి వ్యవహారం మూసేయాలని అనుకుంటున్నారట. మంచి వార్త తెచ్చానని కాకి బహుమానం కోసం ఎదురుచూసింది.

కంటకయ్య లోపలికి వెళ్లి, పిల్లల కోసం తవ్వి పెట్టుకున్నవాటిలో అన్నిటికంటే లావాటి పెండలాన్ని ఏరి తెచ్చాడు. మొలక వచ్చే కళ్లు ఉన్నాయో లేదో తిప్పి తిప్పి చూశాడు. ములుకమ్మ ఏవండీ అంటూ ఉండగానే పెద్ద కొలువు దాకా పరుగులాంటి నడకతో వెళ్లి, ధవళాంగి ఎడమకాలి మీద ఉండడం చూసుకుని, దుంపను బల్ల మీద పెట్టాడు.

"ఇది కూడా నాకు కాస్త సందేహంగానే ఉంది మేడం," అన్నాడు.

నీతి: తప్పు చేసినవాడి వ్యవహారం కట్టేస్తే ముగుస్తుంది, స్థిరంగా ఉండాలనుకుంటే తప్పు చేయకుండా విచారణలో ఉండాలి.